బడి తోటను తరగతి గదిగా గుర్తించండి: పాఠశాల విద్యాధికారులకు బహిరంగ లేఖ

పాఠశాల విద్యా పర్యవేక్షక అధికారులకు, పాఠశాల భవనాల విభాగం ఇంజనీర్లకు, ప్రధానోపాధ్యాయులకు నమస్కారాలు.

నేను పదిహేడేళ్లుగా సామాన్యశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయినిని. మా బడి తోట కమిటీ తరఫున, అంటే తోటి ఉపాధ్యాయులు, పిల్లల తల్లిదండ్రులు, బడి చుట్టుపక్కల నివసించే కొందరు పెద్దల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఈ విషయమై గత రెండేళ్లలో మేము నాలుగు విన్నపాలు సమర్పించుకున్నాం. మొదటిదానికి "చూద్దాం" అన్న మాట తప్ప సమాధానం రాలేదు. స్థలం భవనాల విభాగం పరిధిలోనిదంటూ రెండోది తిరిగి వచ్చింది. అక్కడికి వెళ్తే, మొక్కల పెంపకం నిర్మాణం కిందికి రాదు కనుక విద్యాశాఖనే అడగమన్నారు. నాలుగోదానికి రశీదు కూడా ఇవ్వలేదు. లోపల చెప్పుకోవలసిన మాట లోపలే చెప్పుకున్నాం, చాలాకాలం వేచి చూశాం. ఇక అందరి ఎదుట చెప్పడం తప్ప మాకు మరో దారి కనిపించలేదు.

ముందు జరిగిన సంగతి మనవి చేస్తాను. బడి వెనుక 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ జాగాలో విరిగిన బల్లలు, కట్టడం మిగులు రాళ్లు చాలాకాలంగా పడి ఉండేవి. ప్రధానోపాధ్యాయుల నోటిమాట అనుమతితో పిల్లలూ పెద్దలూ కలిసి వాటిని తొలగించి, నేల గుల్ల చేసి, ఆరు మడులు కట్టారు. చిక్కుడు, ముల్లంగి, టమాటా, గుమ్మడి వేశాం. ఒక మూల కంపోస్టు గుంత తవ్వాం. ఒక విద్యా సంవత్సరంలో సగభాగం పాటు నా తరగతులు మూడింట ఒక వంతు అక్కడే జరిగాయి. తర్వాత సుదీర్ఘ సెలవులు వచ్చాయి. బడి తెరిచేలోగా ప్రాంగణం శుభ్రం చేయాలన్న ఆదేశం మేరకు ఆ జాగా మొత్తాన్ని చదును చేసి, పైన కంకర పరిచారు.

బడి తెరిచిన రోజు ఐదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి సంచి కూడా దించకుండా నేరుగా వెనక్కు పరుగెత్తింది. ఆమె చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. అందులో తన చిక్కుడు తీగ పొడవును 23 రోజుల పాటు రోజువారీగా కొలిచి రాసుకుంది. వాన పడిన రోజులకు నీలిరంగు చుక్క, పడని రోజులకు ఖాళీ గడి పెట్టుకుంది. సెలవుల్లో ఎంత పెరిగిందో కొలిచి, తాను ముందే వేసుకున్న అంచనాతో పోల్చి చూసుకోవాలని వచ్చింది. కంకర మీద నిలబడి తన మడి ఎక్కడ ఉండేదో అడుగులతో లెక్కపెట్టుకుంది. ఏడవలేదు. "ఎవరికీ చెప్పలేదా టీచర్, ఇది మన క్లాసు అని?" అని మాత్రం అడిగింది.

ఈ లేఖకు మూలం ఆ ప్రశ్నే. చదును చేసిన కూలీని మేము తప్పుపట్టడం లేదు. పిచ్చిమొక్కలు తీసెయ్యమన్నారు, తీసేశాడు. అది తరగతి గది అని అతనికి గానీ, అతన్ని పంపినవారికి గానీ తెలియజెప్పే కాగితం ఒక్కటంటే ఒక్కటి బడి రికార్డుల్లో లేదు. ప్రయోగశాలలోని గాజు సామానును ఇలా సెలవుల్లో ఊడ్చి పారబోసే ధైర్యం ఎవరూ చేయరు, ఎందుకంటే దానికి రిజిస్టరులో ఒక వరుస ఉంది, సంతకం పెట్టి బాధ్యత తీసుకున్న మనిషి ఉన్నాడు. తోటకు ఆ రెండూ లేవు. కనుక అది ఉత్సాహం ఉన్న ఉపాధ్యాయుడు ఉన్నన్నాళ్లు బతుకుతుంది, ఆయన బదిలీ కాగానే ఎండిపోతుంది.

మేము అడుగుతున్నది కొత్త వింతేమీ కాదు. 1657లో అచ్చయిన తన గ్రంథంలోనే చెక్ విద్యావేత్త కొమేనియస్ బడిని ఆనుకుని తోట ఉండాలని, పిల్లలు చెట్లనూ పూలనూ కళ్లారా చూసే వీలుండాలని రాశాడు. 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం విద్యాలయం ప్రారంభించిన ఫ్రోబెల్, 1840లో దానికి పెట్టిన పేరు కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. అక్కడ ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు ఉండాలన్నది ఆయన ఏర్పాటు. ఆ పేరును ప్రపంచమంతా తీసుకుంది, తోటను మాత్రం చాలాచోట్ల వదిలేసింది. ఆస్ట్రియా 1869 నాటి పాఠశాల చట్టంలోనే గ్రామీణ బడులకు తోట ఉండాలన్న నిబంధన చేర్చింది. తోట ఉపాధ్యాయుడి అభిరుచిగా మిగిలిపోకుండా ప్రభుత్వ బాధ్యతగా మారిన సందర్భమది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణం, ప్రకృతి పరిసరాల పట్ల గౌరవం పెంపొందించడాన్ని విద్య లక్ష్యాల్లో ఒకటిగా పేర్కొంది. అందుకు నల్లబల్ల ఒక్కటే చాలదని వేరే చెప్పనక్కర్లేదు.

తోట లేకపోవడం వల్ల మామూలు పిల్లలకు జరుగుతున్న నష్టమేమిటో, మా అనుభవం నుంచి మీ దృష్టికి తెస్తున్నాను.

1. పాఠం సగమే అందుతోంది. పుస్తకంలో విత్తనం మొలకెత్తే దశలన్నీ ఒకే బొమ్మలో, ఒకే వరుసలో ఉంటాయి. నేలలో అవి రోజుల తరబడి జరుగుతాయి, కొన్ని విత్తనాలు అసలు మొలకెత్తవు, ఎందుకు మొలకెత్తలేదన్నదే అన్నిటికంటే మంచి ప్రశ్న అవుతుంది. చిక్కుడు మొలకెత్తడానికి వెలుతురు తప్పనిసరి అని నా తరగతిలో సగానికి పైగా పిల్లలు నమ్మేవారు. మడిలో ఒక భాగాన్ని తొట్టి బోర్లించి కప్పాం. అక్కడా మొలకలు వచ్చాయి, కానీ పాలిపోయి, సన్నగా సాగి, ఊగిసలాడుతూ వచ్చాయి. మొలకెత్తడానికి నీరు, గాలి, తగినంత వెచ్చదనం చాలనీ, వెలుతురు అవసరం ఆ తర్వాత మొదలవుతుందనీ నేను చెప్పకుండానే వాళ్లు రాసుకున్నారు.

మరోసారి బాగా ఎదిగిన చిక్కుడు మొక్కను వేళ్లతో సహా జాగ్రత్తగా పెకలించి, నీటిలో కడిగి చూపించాను. వేళ్ల మీద ఆవగింజలంత బుడిపెలు ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీరంగుగా ఉంది. "మొక్కకు కూడా రక్తం ఉంటుందా టీచర్?" అని వెనుక నుంచి ఒక అబ్బాయి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ పీరియడ్ అంతా పట్టింది. ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఆ పనికి ఆక్సిజన్ ఎక్కువైతే చేటు. దాన్ని అదుపులో ఉంచే లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థమే ఆ రంగుకు కారణం, అది మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టం లాంటిది. పదేళ్లుగా "లెగ్యూమ్ (చిక్కుడు జాతి) మొక్కల వేరు బుడిపెలు నత్రజని స్థాపన చేస్తాయి" అనే వాక్యాన్ని నేను నల్లబల్ల మీద రాయించాను, పిల్లలు పరీక్షలో తిరిగి రాశారు. ఆ పదేళ్లలో ఒక్కరు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

2. లెక్కలకు నేల దొరకడం లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు నీరు. మా మడి 4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, అంటే 4.8 చదరపు మీటర్లు. నిలువు గోడల సీసాకు స్కేలు అంటించి తయారు చేసుకున్న వానమాపకంలో 10 మిల్లీమీటర్లు కనిపించిన రోజున, ఆ మడికి ఆకాశం 48 లీటర్లు పోసిందనీ, అది తాము మోసే 8 లీటర్ల డబ్బాతో ఆరు సార్లకు సమానమనీ పిల్లలు తేల్చారు. డబ్బా మోసిన చేతికి ఆ గుణకారం మళ్లీ నేర్పనక్కర్లేదు. వైశాల్యం, ఘనపరిమాణం, సగటు, నిష్పత్తి, గ్రాఫు అన్నిటికీ ఇలాంటి చోటు ఆ తోటలో ఉంది.

3. కళ్లు దెబ్బతింటున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2015లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడ్డాయి. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయట తరగతి పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే, ఆ బడుల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, కొత్తగా వచ్చిన పిల్లలు 30.4 శాతం, పాత పద్ధతిలోనే సాగిన బడుల్లో 39.5 శాతం. ఖర్చుతో కూడిన పరికరమేదీ వాడకుండా, కేవలం ఆరుబయట గడిపిన సమయం వల్ల వచ్చిన తేడా ఇది. కళ్లజోడు సమయానికి కొనివ్వలేని తల్లిదండ్రుల పిల్లలు వెనుక బెంచీలో కూర్చుని బోర్డు కనబడక, కనబడడం లేదని చెప్పుకోలేక, మందమతులుగా ముద్రపడడం ఉపాధ్యాయులందరూ చూసినదే.

4. నేల లేని ఇళ్ల పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోతున్నారు. పెరడో మిద్దె తోటో ఉన్న బిడ్డకు బడి తోట అదనపు సౌకర్యం. ఇరుకు గదుల్లో పెరిగే బిడ్డకు అదొక్కటే నేల. గుమ్మడి తీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయని, ఆడపువ్వు అడుగున చిన్న పిందె ముందే ఉంటుందని, తేనెటీగ రాకపోతే ఆ పిందె పసుపు పచ్చబడి రాలిపోతుందని చూసే అవకాశం ఆ బిడ్డకు ఇంకెక్కడా దొరకదు.

5. తరగతిలో నోరు విప్పని పిల్లలు అలాగే మిగిలిపోతున్నారు. చదవడంలో వెనుకబడిన ఒక అబ్బాయి పేనుబంక పట్టిన చిక్కుడు కొమ్మ మీద అక్షింతల పురుగును అందరికంటే ముందు కనిపెట్టాడు. అది పేనుబంకను తినడం గంటసేపు కదలకుండా గమనించి, మిగతావారికి వివరించాడు. ఆ వారం అతను మొదటిసారి తనంతట తాను నాలుగు వాక్యాలు రాశాడు.

ఇక మీ వైపు నుంచి నోటిమాటగా మాకు వినిపించిన అభ్యంతరాల గురించి. వాటిలో కొన్ని న్యాయమైనవే. నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయన్నారు, నిజం. డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. కనుక తొట్లు, డబ్బాలు వారానికొకసారి బోర్లించి ఆరబెడితే ఆ చక్రం తెగుతుంది. ఈ పని బడిలో నేర్చిన పిల్లలు ఇంటికి వెళ్లి కూడా చేస్తారు. మట్టి మంచిదో కాదో తెలియదన్నారు, అదీ నిజమే. పాత భవనాల గోడల రంగుల్లో సీసం ఉండవచ్చు, అది పెచ్చులూడి పక్క నేలలో చేరవచ్చు. అందుకే ముందు మట్టి పరీక్ష చేయించమని మేమే అడుగుతున్నాం. ఫలితం బాగాలేకపోతే నేలను తవ్వకుండా, ఎత్తైన మడులు కట్టి శుభ్రమైన మన్ను నింపుకోవచ్చు. తేనెటీగలు కుడతాయన్నారు. అలర్జీ ఉన్న పిల్లల జాబితా దగ్గర పెట్టుకుని, తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, ప్రథమ చికిత్స పెట్టె అందుబాటులో ఉంచుకోవాలి. క్రీడా మైదానానికి తీసుకునే జాగ్రత్తకంటే ఇది మరీ పెద్దది కాదు.

సిలబస్ వెనుకబడుతుందన్న అభ్యంతరాన్ని మాత్రం మేము అంగీకరించలేం. తోటకు వెళ్లడమంటే పాఠం ఆపడమనే భావన అందులో ఉంది. తోట పనిని తోట పనిగానే వదిలేస్తే, అంటే పిల్లల చేత నీళ్లు మోయించి కలుపు తీయించి పంపేస్తే, ఆ భావన నిజమే అవుతుంది. అలాంటి తోటను మేము కోరడం లేదు. ఏ మడిలో ఏ వారం ఏ పాఠం అన్నది ముందే రాసుకున్న తోటను కోరుతున్నాం.

మా పొరపాటు కూడా దాచను. మేము కట్టిన మొదటి మడి రెండు మీటర్ల వెడల్పుతో ఉండేది. మధ్యలో ఉన్న మొక్కలు అందక పిల్లలు లోపలికి అడుగుపెట్టారు, నేల గట్టిపడింది, నీరు ఇంకడం మానేసింది, ముల్లంగి దుంపలు వంకరటింకరగా వచ్చాయి. మడిని 1.2 మీటర్లకు కుదించి, రెండు వైపుల నుంచీ చేయి అందేలా చేశాక గానీ నేల మళ్లీ గుల్లబారలేదు. ఈ కొలతలు మేము చేతులారా తెలుసుకున్నవి కనుకే కింద అంకెలతో సహా అడుగుతున్నాం.

మా కోరికలు ఇవి.

1. బడి ఆస్తుల రిజిస్టరులో తోటను ఆరుబయలు తరగతి గదిగా నమోదు చేయాలి. ప్రయోగశాలకు, గ్రంథాలయానికి ఉన్న హోదాయే దానికీ ఉండాలి. తోట కమిటీకి 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయకుండా అక్కడ ఏ మార్పూ చేయరాదు. మిగిలిన కోరికలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. మీరు ఒక్కటే ఇవ్వగలిగితే ముందు ఇదివ్వండి.

2. ప్రతి తరగతికి వారంలో వరుసగా రెండు పీరియడ్లు టైంటేబుల్‌లోనే ఆరుబయటకు కేటాయించాలి. ఒక్క పీరియడ్ అయితే వెళ్లడానికి, చేతులు కడుక్కుని రావడానికే సరిపోతుంది. ఆ సమయం సామాన్యశాస్త్రానికే కాక లెక్కలకు, భాషకు, చిత్రలేఖనానికి కూడా చెందాలి.

3. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడే చోటును, కుళాయికి దగ్గరగా ఎంచుకోవాలి. మడి వెడల్పు 1.2 మీటర్లు, చిన్న తరగతుల వారికి ఇంకా తక్కువ, మడుల మధ్య నడకదారి కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీ తిరిగేలా ఒక దారి 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఆ దారి పక్కన ఒక మడిని కూర్చున్న బిడ్డకు అందే ఎత్తులో కట్టాలి. తరగతి మొత్తం నీడలో గుండ్రంగా కూర్చునే జాగా, ఒక బోర్డు, చేతులు కడుక్కునే చోటు తప్పనిసరి. ముందు నీరు, తర్వాత మన్ను, ఆ తర్వాతే రంగుల రాళ్లు, పేరు పలకలు. ప్రారంభోత్సవం నాడు కుండీలతో నిండిపోయి నెల తిరక్కముందే ఎండిపోయే తోటల మీద డబ్బు ఖర్చు చేయవద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాం.

4. పని మొదలుపెట్టే ముందు మట్టి పరీక్ష జరిపి, ఫలితాన్ని తల్లిదండ్రులకు కనిపించేలా ప్రదర్శించాలి. తోటలో రసాయన పురుగుమందులు వాడరాదన్న నియమం రాతలో ఉండాలి.

5. సెలవుల్లో తోట బాధ్యతను చుట్టుపక్కల కుటుంబాలకు ఒప్పంద పత్రంతో అప్పగించాలి. మా తోట సెలవుల్లోనే పోయింది. అయితే తాళం వేసిన గేటు లోపలికి వచ్చి నీళ్లు పోసే అనుమతి అప్పటికే అడిగిన కుటుంబాలు మా బడి పక్కన ఐదు ఉన్నాయి. వారికి ఒక తాళంచెవి, వంతుల పట్టిక, కాసిన దాంట్లో వాటా ఇస్తే చాలు. వ్యవసాయం ఎరిగి ఇప్పుడు ఖాళీగా కూర్చున్న పెద్దలు మా కమిటీలో ఉన్నారు. నారు ఎప్పుడు తీయాలో, తీగకు పందిరి ఏ ఎత్తులో వేయాలో నాకు నేర్పింది వారే. ఈ తోటను సమాజపు తోట అనగలిగేది వారికి లోపల చోటు ఉన్నప్పుడే.

6. తోటలో పాఠం చెప్పడంపై ఉపాధ్యాయులకు ఏటా కొన్ని రోజుల శిక్షణ, అదీ మడి పక్కనే, ఇవ్వాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2005లోనే బడి తోట ఏర్పాటుకు, నిర్వహణకు ఒక చేతిపుస్తకం ప్రచురించింది. అలాంటిది మన భాషలో ప్రతి బడికీ అందాలి. ఉపాధ్యాయుడు బదిలీ అయినప్పుడు తోట రిజిస్టరును తర్వాత వచ్చేవారికి అప్పగించడం నియమం కావాలి.

7. మా బడిలో పరిచిన కంకరను తొలగించి, తర్వాతి విత్తనాల అదనుకు ముందే ఆరు మడులనూ పునరుద్ధరించాలి. శ్రమకు మేము సిద్ధంగా ఉన్నాం. అనుమతి పత్రం మాత్రమే మీరివ్వాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకమైన సమాధానం కోరుతున్నాం. ఏదైనా కోరికను తిరస్కరిస్తే కారణం కూడా రాయండి, దాన్ని సరిదిద్దుకుని మళ్లీ వస్తాం. స్థలం ఏ విభాగానిదన్న ప్రశ్న ఇంకా తేలకపోతే, ఇరు విభాగాల అధికారులూ ఒకే రోజున మా బడికి రావలసిందిగా ప్రార్థిస్తున్నాం. నాలుగు విన్నపాల నకళ్లు, మడుల నమూనా పటం, వారం వారం పాఠాల పట్టిక, ఆ అమ్మాయి నోటు పుస్తకంలోని 23 రోజుల పుటల నకలు దీనితో జతచేస్తున్నాం. మీరు వచ్చిన రోజున తన మడి ఎక్కడ ఉండేదో ఆమే చూపిస్తానంది.

ఇట్లు,
బడి తోట కమిటీ తరఫున,
ఒక సామాన్యశాస్త్ర ఉపాధ్యాయిని